వెండితెర మీద నీలిపెట్టె

1963 నవంబరు 23, శనివారం సాయంత్రం. బీబీసీలో ఇంటిల్లిపాదీ చూడదగ్గ కొత్త సీరియల్ ఒకటి మొదలైంది. పేరు ‘డాక్టర్ హూ’. ముందురోజే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్యకు గురయ్యాడు. బ్రిటన్ అంతా ఆ వార్త దగ్గరే ఆగిపోయి ఉంది. తొలి భాగం చాలామంది కంటపడలేదేమోనన్న అనుమానంతో బీబీసీ మరుసటి వారం రెండో భాగానికి ముందు దాన్ని మళ్లీ వేసింది. అలా తడబడుతూ మొదలైన ఆ సీరియల్‌కు అరవై ఏళ్లు దాటాయి. ఈ అరవై ఏళ్లలో దాన్ని సినిమాగా తీయాలని పూనుకున్నవాళ్లు ఎందరో. తీసినవాళ్లు మాత్రం కొద్దిమందే. ఆ కొద్దిమంది ఏం సాధించారో, ఎక్కడ దారి తప్పారో వెనక్కి తిరిగి చూస్తే, టెలివిజన్ కథ సినిమాగా మారేటప్పుడు ఏది పోగొట్టుకోకూడదో తెలిసివస్తుంది.

ముందు ఆ తొలి భాగం సంగతి. లండన్‌లో ఓ బడి. ఇద్దరు టీచర్లు, ఒకరు సైన్సు, ఒకరు చరిత్ర చెబుతారు. వాళ్ల క్లాసులో సూజన్ అనే అమ్మాయి. కొన్ని విషయాల్లో పెద్దలకంటే ఎక్కువ తెలుసు, కొన్నిట్లో చిన్నపిల్లలకు తెలిసినవీ తెలియవు. ఈ వింతేమిటో తేల్చుకుందామని టీచర్లిద్దరూ ఆ పిల్ల ఇంటిదాకా వెళ్తారు. అక్కడ పాత ఇనుప సామాన్ల గోదాము, అందులో ఓ నీలిరంగు పెట్టె. పోలీసులకు ఫోన్ చేయడానికి అప్పట్లో లండన్ వీధుల్లో నిలబెట్టిన పెట్టెల్లాంటిదే. లోపలికి అడుగుపెడితే విశాలమైన గది. కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే ఆ వాహనం పేరు టార్డిస్. దాని యజమాని డాక్టర్ అనే ఓ కోపిష్ఠి ముసలాయన. ఎవరో, ఎక్కడివాడో చెప్పడు. ప్రేక్షకుడికి ఎంత తెలుసో టీచర్లకూ అంతే తెలుసు. ఇద్దరూ ఒకే భయంతో, ఒకే కుతూహలంతో ఆ గుమ్మం దాటుతారు. ఈ సీరియల్ ప్రాణం ఆ గుమ్మం దగ్గరే ఉందని నా నమ్మకం.

ఆలోచన మొదలుపెట్టింది కెనడా నుంచి వచ్చిన సిడ్నీ న్యూమన్. నిర్మాత వెరిటీ లాంబర్ట్, అప్పటికి ముప్ఫై నిండని యువతి. తొలి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్. లక్నోలో పుట్టాడు, ఇంగ్లీషు నవలా రచయిత్రి అతియా హుసేన్ కొడుకు. మగవాళ్లతో, తెల్లవాళ్లతో నిండిన ఆనాటి బీబీసీలో ఒక యువతీ, ఒక భారతీయ యువకుడూ కలిసి ఇంతకాలం నిలిచిన పనికి పునాది వేశారంటే మనం గర్వంగానే చెప్పుకోవాలి. రాన్ గ్రెయినర్ కట్టిన శీర్షిక బాణీని డెలియా డెర్బీషైర్ టేపులు కోసి అతికించి, యంత్రధ్వనులతో వినిపించింది. ఈనాటికీ ఆ నాదం కొత్తగానే ఉంటుంది.

న్యూమన్‌కు గుడ్లు మిటకరించే రాక్షసులంటే గిట్టదు. చరిత్ర, విజ్ఞానం నేర్పే కథలు కావాలన్నాడు. లాంబర్ట్ మాత్రం రచయిత టెర్రీ నేషన్ రాసిన రెండో కథకే డాలెక్‌లను తెర మీదికి తెచ్చింది. రేమండ్ క్యూసిక్ రూపమిచ్చిన ఆ లోహపు జీవులకు కాళ్లుండవు, ముఖముండదు, దయ ఉండదు. పిల్లలు సోఫాల వెనక దాక్కుని మరీ చూశారు. ఏడాది తిరిగేసరికి బొమ్మల దుకాణాల నిండా డాలెక్‌లే. సినిమావాళ్ల చూపు ఇటు పడింది ఆ డాలెక్‌ల మూలంగానే.

1965లో ‘డాక్టర్ హూ అండ్ ద డాలెక్స్’ వచ్చింది. మిల్టన్ సుబోత్‌స్కీ, మాక్స్ రోజెన్‌బర్గ్ నిర్మాతలు, గోర్డన్ ఫ్లెమింగ్ దర్శకుడు, పీటర్ కుషింగ్ నాయకుడు. ఇంట్లో నలుపుతెలుపుల్లో చూసిన డాలెక్‌లు థియేటర్లో ఎర్రగా, నీలంగా, పెద్దతెర నిండా కనిపించాయి. పిల్లలకు అంతకంటే ఏం కావాలి? కానీ కథలో పెద్ద మార్పు జరిగింది. టీవీలో ఎక్కడివాడో తెలియని ఆ మనిషి సినిమాలో మనలాంటి మానవుడు, పెరట్లో యంత్రం కట్టుకున్న మంచి తాతయ్య. మొదటి దృశ్యంలో చిన్న మనవరాలు భౌతికశాస్త్ర గ్రంథం చదువుతుంటే తాతయ్య పిల్లల బొమ్మల పత్రిక తిప్పుతుంటాడు. ముచ్చటైన దృశ్యమే. కానీ ఆ మనిషి చుట్టూ ఉన్న రహస్యం ఆ ముచ్చటలోనే ఆవిరైపోయింది. 1966లో రెండో సినిమా వచ్చింది, అంతగా ఆడలేదు. మూడోది తలపెట్టి మానుకున్నారు.

సినిమాలు ఆగిన ఏడే టీవీలో అసలు అద్భుతం జరిగింది. నాయకుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం పాడైంది. మరొకరైతే సీరియల్ ముగించేవారు. బీబీసీవాళ్లు డాక్టర్‌నే మార్చేశారు. 1966 అక్టోబరులో హార్ట్‌నెల్ తెర మీద కుప్పకూలాడు. ఆ స్థానంలో పాట్రిక్ ట్రౌటన్ లేచాడు. అదే మనిషి, వేరే ముఖం, వేరే స్వభావం. అవసరం కొద్దీ పుట్టిన ఈ ఉపాయం సీరియల్‌కు దీర్ఘాయుష్షు పోసింది. నటుడు వెళ్లిపోయినా కథ పోదు.

స్టార్ ట్రెక్‌తో పోల్చి చూస్తే దీని బరువు తెలుస్తుంది. అమెరికాలో 1966 నుంచి 1969 దాకా 79 ఎపిసోడ్లతో నడిచి ఆగిపోయిన స్టార్ ట్రెక్, పునఃప్రసారాల పుణ్యమా అని అభిమానులను పెంచుకుని 1979లో రాబర్ట్ వైజ్ దర్శకత్వంలో వెండితెరకెక్కింది. పదేళ్ల తర్వాత పాత నటులు షాట్నర్, నిమోయ్ అదే నౌకలోకి తిరిగొస్తే జనం వాళ్లను చూడడానికే క్యూ కట్టారు. 1982లో వచ్చిన రెండో సినిమాకు మూలం 1967 నాటి ఒక ఎపిసోడ్. అక్కడ సినిమా అంటే పాత స్నేహితుల పునస్సమాగమం. డాక్టర్ హూకు ఆ సౌలభ్యం లేదు. ఏ ముఖాన్ని చూపించి జనాన్ని పిలవాలి? ప్రతిసారీ అపరిచితుణ్నే పరిచయం చేయాలి.

1970లో సీరియల్‌కు రంగులొచ్చాయి. బీబీసీ స్టూడియోల్లో సమ్మె వల్ల ఆ ఏటి తొలి కథను పూర్తిగా ఫిల్ము మీద, బయటి ప్రదేశాల్లో తీయాల్సి వచ్చింది. దుకాణాల అద్దాల వెనక బట్టలు తొడిగి నిలబెట్టే ప్లాస్టిక్ బొమ్మలు ప్రాణం పోసుకుని వీధిలోకి నడిచొచ్చే దృశ్యం అందులోదే. సినిమా అని పేరు పెట్టకపోయినా అంతకంటే మంచి సినిమా దృశ్యం ఈ సీరియల్లో అరుదు. ఆ బొమ్మలను గుర్తుంచుకోండి.

డెబ్బైలలో డాక్టర్‌గా టామ్ బేకర్ పొడవాటి మఫ్లర్‌తో ఇంటింటి మనిషయ్యాడు. తోటి నటుడు ఇయాన్ మార్టర్‌తో కలిసి ‘స్క్రాచ్‌మన్’ అనే సినిమా కథ రాశాడు. డబ్బు పుట్టలేదు. చివరకు 2019లో అది నవలగా వెలువడింది. డగ్లస్ ఆడమ్స్ ‘క్రికిట్‌మెన్’ పేరుతో మరో సినిమా కథ ఇచ్చాడు. అదీ తెరకెక్కలేదు, ఆయన హిచ్‌హైకర్ వరుసలో మూడో నవలగా మారింది.

ఆ ఏళ్లలోనే బీబీసీ పాత టేపులను చెరిపేసి మళ్లీ వాడుకుంది, నెగెటివ్‌లను పారేసింది. అరవైల నాటి తొంభైకి పైగా ఎపిసోడ్లు ఈనాటికీ దొరకలేదు. వారిస్ హుస్సేన్ చాలావరకు తీసిన ‘మార్కో పోలో’ ఏడు భాగాల్లో ఒక్కటీ మిగల్లేదు. 2013లో నైజీరియాలో తొమ్మిది ఎపిసోడ్లు దొరికినప్పుడు జనం పండగ చేసుకున్నారు. టెలివిజన్‌ను ఒక్కపూట సరుకుగా చూసిన సంస్థకు ఇంతకంటే పెద్ద నష్టం లేదు. సినిమాలు ప్రింట్లుగా మిగిలాయి, టీవీ టేపులు చెరిగిపోయాయి. పెద్దతెర మీది మోజుకు ఇదీ ఒక కారణమని నాకనిపిస్తుంది. సినిమా అయితేనే భద్రమని, గౌరవమని.

ఎనభైలు కష్టకాలం. 1985లో బీబీసీ వన్ కంట్రోలర్ మైకేల్ గ్రేడ్ సీరియల్‌కు పద్దెనిమిది నెలల విరామమిచ్చాడు. తర్వాత దాన్ని ‘కోరొనేషన్ స్ట్రీట్’ వంటి తిరుగులేని సీరియల్‌కు ఎదురుగా నిలబెట్టారు. 1989 డిసెంబరు 6న అప్పటి డాక్టర్ సిల్వెస్టర్ మెకాయ్‌తో చివరి కథ ప్రసారమైంది. ఆపేశామని ఎవరూ గట్టిగా చెప్పలేదు, మళ్లీ తీస్తామనీ తీయలేదు. సినిమా హక్కులు కొన్న నిర్మాతలు స్క్రిప్టులు మార్చుకుంటూ ఏళ్లు గడిపారు. కెమెరా తిరగలేదు.

పట్టు వదలనివాడు ఫిలిప్ సీగల్ ఒక్కడే. ఇంగ్లండ్‌లో పుట్టి, చిన్నప్పుడు ఆ సీరియల్ చూస్తూ పెరిగి, అమెరికా వెళ్లి స్పీల్‌బర్గ్ సంస్థ ఆంబ్లిన్‌లో పనిచేసినవాడు. బీబీసీ, యూనివర్సల్, ఫాక్స్‌లను ఒక తాటి మీదికి తెచ్చాడు. 1996 మొదట్లో కెనడాలోని వాంకూవర్‌లో టీవీ సినిమా షూటింగు జరిగింది. దర్శకుడు జెఫ్రీ సాక్స్. రచయిత మాథ్యూ జేకబ్స్ తండ్రి 1966లో ఇదే సీరియల్లో ఒక కథలో నటించాడు. చిన్నప్పుడు ఆ సెట్టు చూసిన పిల్లవాడే ఇప్పుడు కథ రాశాడు. డాక్టర్‌గా పాల్ మెక్‌గాన్. ప్రతినాయకుడు మాస్టర్‌గా ఎరిక్ రాబర్ట్స్.

ఈ సినిమా మీద నాకు ప్రేమ, బాధ రెండూ ఉన్నాయి. మెక్‌గాన్ అద్భుతం. చూపులో లేత ఆశ్చర్యం, మాటలో వెచ్చదనం. చెక్కపనితో, దీపాలతో, పుస్తకాలతో అలంకరించిన టార్డిస్ లోపలి భాగం అంతకుముందెన్నడూ లేనంత అందంగా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1999 చివరి రోజుల కథ. తుపాకి గుండ్లు తగిలిన డాక్టర్‌ను ఆస్పత్రికి తెస్తారు. రెండు గుండెలున్నాయని ఎరగని సర్జన్ గ్రేస్ చేతుల్లోనే అతను చనిపోతాడు, మార్చురీలో కొత్త ముఖంతో లేస్తాడు. ఎంత మంచి ఆలోచన!

కానీ గ్రేస్ తెర మీదికి రాకముందే ప్రేక్షకుడి నెత్తిన ఎంత బరువు పెట్టారో చూడండి. మాస్టర్ ఎవరు, డాలెక్‌లు అతనికి మరణశిక్ష ఎందుకు వేశాయి, అస్థికలు ఏ గ్రహానికి చేరాలి, డాక్టర్, మాస్టర్ పుట్టిన టైమ్ లార్డ్ జాతికి ఎన్ని జన్మలు, ఇవన్నీ తొలి నిమిషాల్లోనే. ముందు పాత డాక్టర్ మెకాయ్, అతని చావు, ఆ తర్వాతే కొత్త డాక్టర్. పాతికేళ్లకు పైగా చూసినవాళ్లకిది అభిమానంతో పంచిన ప్రసాదం. ఫాక్స్ చానెల్లో ఆ రాత్రి తొలిసారి చూసిన అమెరికన్‌కు మాత్రం సగం అయిపోయిన సంభాషణలోకి అడుగుపెట్టినట్టయింది. పైగా డాక్టర్ తల్లి తరఫున సగం మనిషి అని చెప్పేశారు. పాత అభిమానులు దానికి నొచ్చుకున్నారు. కొత్తవాళ్లకు అది పట్టనేలేదు. ఇద్దరినీ మెప్పించబోయి ఇద్దరికీ దూరమైంది.

1996 మే 14న అమెరికాలో ప్రసారమైతే సుమారు 56 లక్షల మంది చూశారు. మే 27న బ్రిటన్‌లో ప్రసారమైతే సుమారు 90 లక్షల మంది. అంతకు వారం ముందే మూడో డాక్టర్ జాన్ పెర్ట్‌వీ కన్నుమూశాడు, బీబీసీ ప్రసారాన్ని ఆయనకు అంకితమిచ్చింది. అమెరికా అంకెలు చాలవని సీరియల్‌కు అనుమతి రాలేదు. బ్రిటన్‌లో 90 లక్షల మంది ఎదురుచూస్తున్నారన్న సంగతి లెక్కలోకి రాలేదు. మెక్‌గాన్ ఒక్క రాత్రి డాక్టర్‌గా మిగిలాడు. 2001 నుంచి శ్రవ్య నాటకాల్లో గొంతుతోనే ఆ పాత్రను బతికించాడు. 2013లో ఏడు నిమిషాల చిన్న కథలో మళ్లీ కనిపించి, తన డాక్టర్‌కు గౌరవంగా వీడ్కోలు పలికాడు.

2005 మార్చి 26. రచయిత రస్సెల్ టి. డేవిస్ కార్డిఫ్ నుంచి సీరియల్‌ను మళ్లీ మొదలుపెట్టాడు. తొలి దృశ్యంలో డాక్టర్ లేడు. రోజ్ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి అలారం మోగితే లేచి, తల్లికి చెప్పి, బస్సెక్కి, లండన్‌లోని బట్టల దుకాణంలో ఉద్యోగానికి వెళ్తుంది. సాయంత్రం దుకాణం మూసేవేళ నేలమాళిగలో బొమ్మలు కదులుతాయి. 1970 నాటి ఆ బొమ్మలే. ఒక చెయ్యి ఆమె చేతిని పట్టుకుని పరుగెత్తమంటుంది. ఎవరతను? ఆమెకు తెలియదు, మనకూ తెలియదు. డాక్టర్ సొంత గ్రహం గ్యాలిఫ్రే పేరు లేదు, పదమూడు జన్మల లెక్క లేదు. దాదాపు కోటీ ఎనిమిది లక్షల మంది చూశారు. 1963లో టీచర్లు దాటిన గుమ్మాన్నే డేవిస్ మళ్లీ తెరిచాడు. అంతమాత్రాన 1996 సినిమా వృథా పోలేదు. టార్డిస్ వైభవం, సినిమా స్థాయి సంగీతం, డాక్టర్ మనసులో కదిలే ప్రేమ, ఇవన్నీ ఆ సినిమా వేసిన విత్తనాలే. మెక్‌గాన్‌ను ఎనిమిదో డాక్టర్‌గానే కొత్త సీరియల్ లెక్కించింది.

2011లో హారీ పాటర్ దర్శకుడు డేవిడ్ యేట్స్ పెద్ద సినిమా తీస్తున్నట్టు వార్త వచ్చింది. టీవీలో ఉన్న డాక్టర్‌ను పక్కన పెట్టి వేరే డాక్టర్‌తో సినిమా ఉండదని అప్పటి ప్రధాన రచయిత స్టీవెన్ మోఫాట్ ఖండించాడు. ఆయన సరిగ్గానే చెప్పాడని నా అభిప్రాయం. రెండేళ్లకు, 2013 నవంబరు 23న, యాభై ఏళ్ల ప్రత్యేక కథ తొంభైకి పైగా దేశాల్లో ఏకకాలంలో ప్రసారమైంది. ఎన్నో దేశాల్లో జనం థియేటర్లకు వెళ్లి త్రీడీలో చూశారు. టీవీ కథే, టీవీ నటులే, టీవీ రచయితే. ఎవరూ దాన్ని సినిమాగా మలచలేదు. అరవై ఏళ్లలో డాక్టర్ హూ వెండితెర మీద నిండుగా వెలిగింది ఆ ఒక్క రాత్రే.

2025 అక్టోబరులో ఈ సీరియల్ కోసం డిస్నీతో కుదుర్చుకున్న ఒప్పందం ముగిసిందని బీబీసీ ప్రకటించింది. భవిష్యత్తు గురించిన ప్రశ్నలు మళ్లీ మొదలయ్యాయి. సినిమా తీయాలన్న మాటలూ మళ్లీ వినబడతాయి. తీయబోయేవారికి నా మనవి ఒక్కటే: డాక్టర్ ఎవరో ముందే చెప్పకండి, మామూలు మనిషిని ముందు పంపండి. ఇంతవరకు ఈ సీరియల్ ఎరగని పాఠకులు మూడే మూడు చూడండి, ఈ వరుసలోనే: 1963 తొలి భాగం, 1996 సినిమా, 2005 నాటి ‘రోజ్’. ఏది మిమ్మల్ని తర్వాతి భాగానికి లాక్కెళ్తుందో మీరే తేల్చుకోండి.