కర్రకోలతో కొండ కొలత

దక్షిణాపథమును కొలువ బయలుదేరిన లాంబ్టన్ దొర వాడిన థియొడొలైటు సుమారు అరటన్ను బరువుండెను. 1815లో బీదరు వద్ద ఆధారరేఖను కొలిచి, ఆయన బృందము నైజాము సీమ మీదుగా ఉత్తరమునకు సాగెను. ఆ శతాబ్దముననే తెలుగునేలకు పొరుగున, ఒడిశాలోని ఖండపడా సంస్థానమున, రెండు కర్రముక్కలతో ఆకాశమును కొలిచిన పండితుడొకడు కలడు. ఆయన సామంత చంద్రశేఖరుడు (1835-1904). జనులు పఠాణి సామంత యందురు.

శాస్త్రగ్రంథములు చెప్పిన చోట గ్రహములు కానరాకుండుట ఆయన బాల్యముననే గమనించెను. ఇది పండితుల వినోదము కాదు. పంచాంగము తప్పినచో పండుగయు తప్పును, పితృతిథియు తప్పును. పొరబడినది గ్రంథమో, కన్నో తేల్చుటకు కొలత కావలెను. సాధనము లేదు, కనుక తానే చేసికొనెను.

దాని పేరు మానయంత్రము. 24 అంగుళముల సన్నని కోల. ఇచట అంగుళమనగా వ్రేలి వెడల్పే గాని ఇంచి కాదు, అనగా కోల పొడవు ఒక మూర. దాని కొనకు అడ్డముగ వేరొక కర్ర. అడ్డకర్రపై నొక్కులును, రంధ్రములును కలవు. కోల రెండవ కొనను కంటికి చేర్చి, వానిగుండ చూడవలెను. నేర్పంతయు గుర్తులు పెట్టుటలోనే యున్నది. 20 డిగ్రీల గుర్తు కోల కలిసిన చోటునుండి 8.7 అంగుళముల వద్ద పడును. 40 డిగ్రీలది 20.1 వద్ద. కోణము రెట్టింపైనను దూరము అంతకు మించినది. గుర్తులను సమదూరముగ పెట్టినవాడు తప్పక మోసపోవును.

ఎత్తును కొలుచుటకు డిగ్రీలతోనైనను పనిలేదు. సర్కండా ఒడ్డున నిలిచి అర్పానదికి ఆవలనున్న చెట్టును కొలువవలెనన్న, దాని మొదటికి పోనక్కరలేదు. కోలను నేలకు సమముగ పట్టి (అడ్డకర్రకు రాయి కట్టిన దారము వ్రేలాడదీసిన చాలును) చెట్టుకొన 12వ అంగుళపు గుర్తున కనబడుచోట నిలువవలెను. అచట దూరము ఎత్తునకు రెండింతలు. అదే కొన 8వ గుర్తునకు దిగువరకు తిన్నగ వెనుకకు నడువవలెను, అచట మూడింతలు. నడిచిన దూరమే చెట్టు ఎత్తు! దానికి కంటి ఎత్తును కలుపవలెను. నేల మాత్రము చదునుగ నుండవలెను.

ఇట్టి సాధనములతో ఏండ్ల తరబడి గ్రహించిన కొలతలే సంస్కృతమున ‘సిద్ధాంతదర్పణము’ అయినవి. 1869లో ముగిసిన ఆ గ్రంథము ముప్పది యేండ్లు అచ్చునకు నోచుకొనలేదు. కటకపు కళాశాల ఆచార్యుడు యోగేశచంద్ర రాయ్ పూనికచే, ఆంగ్ల పీఠికతో, 1899లో కలకత్తాలో వెలువడెను. ‘నేచర్’ పత్రిక దానిని సమీక్షించెను. అంతకుముందే, 1893లో, ప్రభుత్వము ఆయనకు మహామహోపాధ్యాయ బిరుదు నొసగెను.

భూమి కదలదనియే ఆయన తుదివరకు నమ్మెను. గ్రహములు సూర్యుని చుట్టును, సూర్యుడు భూమి చుట్టును తిరుగుదురని ఆయన మతము. డెన్మార్కు జ్యోతిర్వేత్త టైకో బ్రాహీ అభిప్రాయమును ఇట్టిదే. ఆ మతము నేడు నిలువదు గాని, కర్రతో పట్టిన కొలతలు నిలిచినవి. పూరీ జగన్నాథాలయమున ఉత్సవకాలములను నిర్ణయించుటకు ఆయన గణితమునే స్వీకరించిరి. బిలాసపురమున ఉత్కల్ ఎక్స్‌ప్రెస్సునెక్కి రథయాత్రకు పోవు మన తెలుగు కుటుంబములు, ఆ మూరెడు కోలతో సరిదిద్దిన తిథులకే అచటికి చేరుచున్నవి.