పది బడులకొక సలహాదారు

ఎంపీసీయా, బైపీసీయా అన్నది తేల్చడానికి ఇంట్లో మేనమామో, ఎదురింటి మాస్టారో ఉంటే చాలుననుకునే కాలంలో పెరిగినవాణ్ణి. బతుకుతెరువు గురించి సలహా చెప్పడమే ఒక వృత్తి అనీ, ఆ వృత్తివారికొక సంఘం, దానికి ప్రాంతీయ శాఖలూ ఉన్నాయనీ తొలిసారి చదివినప్పుడు నాకు వింతగానే తోచింది. తీరా ఆ చరిత్రలోకి దిగాక, మహాసభలకన్నా ఆయా ఊళ్ళలో జరిగిన పనే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది.

కథ బోస్టన్‌లో మొదలవుతుంది. ఫ్రాంక్ పార్సన్స్ ఇంజనీరింగ్ చదివి రైల్వేలో చేరాడు. 1873 నాటి ఆర్థిక సంక్షోభంలో ఆ కొలువు పోయింది. ఇనుప కర్మాగారంలో కూలిపని చేశాడు, బడిపంతులయ్యాడు, ఆ తర్వాత న్యాయవాది అయ్యాడు. ఇన్ని వృత్తులు మారినవాడికే ఈ ఆలోచన తట్టడంలో ఆశ్చర్యమేముంది! 1908 జనవరిలో, వలస కుటుంబాలతో కిక్కిరిసిన నార్త్ ఎండ్ పేటలో, యువకులకు వృత్తి సలహా చెప్పే కేంద్రాన్ని తెరిచాడు. ఆ ఏడు సెప్టెంబరులోనే కన్నుమూశాడు. ఆయన పుస్తకం మరుసటి ఏడు వెలువడింది. తన్ను తాను తెలుసుకోవడం, పనులను తెలుసుకోవడం, ఆ రెంటినీ సరిగా బేరీజు వేయడం: ఆయన చెప్పిన పద్ధతి స్థూలంగా ఇంతే.

ఇందులో రెండోదే చిక్కు. కుర్రవాడి మనసును వాడినే కూర్చోబెట్టి ప్రశ్నలడిగి తెలుసుకోవచ్చు. ఊళ్ళో ఏ పనికి ఎంత కూలి, ఆరోగ్యానికి చేటా, పదేళ్ళ తర్వాత ఎక్కడుంటాడు అన్నవి ఎవరు చెప్పాలి? పార్సన్స్ తర్వాత మేయర్ బ్లూమ్‌ఫీల్డ్ నడిపిన ఆ కేంద్రం, బోస్టన్ పిల్లల కోసమే చిన్న చిన్న పుస్తకాలు వేయించింది. రొట్టెలు కాల్చేవాడి గురించి ఒకటి, యంత్రాల పనివాడి గురించి ఒకటి, కిరాణా వర్తకుడి గురించి మరొకటి. నా దృష్టిలో ఈ రంగానికి అసలు పునాది ఈ పుస్తకాలే. నగరంలోని బడులలో వందకు పైగా ఉపాధ్యాయులకు సలహాదారుల బాధ్యత కూడా అప్పగించారు.

1910లో బోస్టన్‌లో జాతీయ సదస్సు జరిగింది. 1913 అక్టోబరులో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో జాతీయ సంఘం ఏర్పడింది. గ్రాండ్ రాపిడ్స్ కుర్చీలూ బల్లలూ చేసే కర్మాగారాల ఊరు. అక్కడి హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు జెస్సీ డేవిస్, 1907 నుంచే ఇంగ్లీషు వ్యాసరచన తరగతిలో పిల్లలచేత వృత్తుల గురించి రాయించేవాడు. బోస్టన్ రొట్టెల పుస్తకం ఆ పిల్లలకు ఎంతవరకు అక్కరకొస్తుంది? న్యూ ఇంగ్లండ్ వంటి ప్రాంతీయ శాఖల అవసరం ఇక్కడే ఉంది. సంఘానికి 1915 నుంచి ఒక పత్రిక ఉండేది. అయినా స్థానిక సమాచారాన్ని దేశమంతటికీ కలిపి అచ్చువేస్తే దాని పదును పోతుందని నా నమ్మకం.

మన దేశంలో ఈ పని విశ్వవిద్యాలయంలోనూ, దాతృత్వంతోనూ మొదలైంది. 1938లో కలకత్తా విశ్వవిద్యాలయంలో, 1941లో బొంబాయిలో బాట్లీబాయ్ కేంద్రంలో, 1947లో అక్కడే పార్సీ పంచాయతీ ఆధ్వర్యంలో. అఖిల భారత సంఘం 1950లలో వచ్చింది. ప్రభుత్వం దారి వేరు. 1945లో సైన్యం నుంచి తిరిగివచ్చేవారి కోసం పెట్టిన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలే దానికి ఆధారం. బి. శివరావు కమిటీ సూచనపై వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు అప్పగించారు. ఆ తేదీ 1956 నవంబరు 1, ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజే! ఈ కాకతాళీయాన్ని మన చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు గాని, నాకు ముచ్చటేసింది.

రెండో ప్రణాళికా కాలంలో ఆ కార్యాలయాల్లో వృత్తి సలహా విభాగాలు తెరవసాగారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్, పది ఉన్నత పాఠశాలలకు ఒక సంచార సలహాదారైనా ఉండాలంది. బోస్టన్‌లో బడికొకరు, మనకు పదింటికొకరు. అదీ కాగితం మీద. మీలో చాలామందికి ఎక్స్ఛేంజి అంటే గుర్తొచ్చేది కార్డు రెన్యువల్ వరుసే కదూ? అదే కప్పు కింద, ఏ పని ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక మనిషిని కూర్చోబెట్టాలన్న ఏర్పాటు కూడా ఉండేదని, ఆ వరుసలో నిలబడ్డ ఎందరికి తెలుసు?