గర్టన్ కళాశాల - సమపరీక్షానియమము

ఆంగ్లదేశమునందలి స్త్రీవిద్యాచరిత్రము నరయువారు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకుఁ జేరిన గర్టన్ కళాశాలను విస్మరింపరాదు. స్త్రీలకుఁ బురుషులతో సమానమైన పరీక్ష యుండవలెనా, సులభమైనది వేఱొకటి యుండవలెనా యను చర్చ కిది నిదర్శనస్థానము.

1869వ సంవత్సరమున ఎమిలీ డేవీసు మొదలగువారు హిచిన్ పట్టణమున నొక యద్దెయింట నైదుగురు విద్యార్థినులతో దీనిని నెలకొల్పిరి. 1873లో నిది కేంబ్రిడ్జి సమీపమునందలి గర్టన్ గ్రామమునకు మాఱెను. ఆ కాలపు బాలికలకు గ్రీకు లాటిను భాషలయందుఁ జిన్ననాఁటి పరిచయ మరుదు. కావున వారిని బ్రవేశపరీక్షనుండి తప్పించి వేఱు పాఠక్రమ మేర్పఱచుట మేలని స్త్రీవిద్యాపక్షపాతులలోనే కొందఱు తలఁచిరి. డేవీసు సమ్మతింపలేదు. వేఱైన పరీక్షను లోకము తక్కువదానినిగానే యెంచునని యామె వాదము.

ఈ నియమము ఫలించెను. 1880లో గణితపరీక్షయందు షార్లెట్ స్కాట్ యెనిమిదవ స్థానమునకుఁ దగిన యోగ్యతఁ గనఁబఱచెను. కాని యామె పేరు పట్టికలోఁ జేరలేదు. మఱుసటి యేఁడు విశ్వవిద్యాలయము స్త్రీలకుఁ బరీక్షాధికార మొసఁగెను. 1887లో గ్రీకు లాటిను భాషల పరీక్షయందు ఆగ్నాటా రామ్సే ప్రథమశ్రేణిలోని ప్రథమభాగమున నొంటిగా నిలిచెను. ఆ భాగమునఁ బురుషుఁ డొక్కఁడును లేఁడు. హైదరాబాదునఁ బుట్టిన సరోజినీదేవియుఁ దరువాత నీ కళాశాలలోఁ గొంతకాలము చదివెను.

అయినను బట్టము రాలేదు. 1897లో విశ్వవిద్యాలయసభ్యులు దానిని నిరాకరించిరి. 1921లో నామమాత్రపు బట్టమున కంగీకరించి, సభ్యత్వమును మాత్రము నిరాకరించిరి. ఆ యేఁటనే డేవీసు గతించెను. ఆక్స్‌ఫర్డు 1920లోనే యిచ్చిన యధికారమును కేంబ్రిడ్జి 1948లోఁ గాని యీయలేదు.

మన శాబ్దికులు స్వయముగా నుపదేశించు స్త్రీని 'ఆచార్యా' యనియు, ఆచార్యుని భార్యను 'ఆచార్యానీ' యనియు వేఱుపఱచిరి. విద్యచేఁ గలుగు పేరు వేఱు, సంబంధముచేఁ గలుగు పేరు వేఱు. గర్టన్ విద్యార్థినులకు విద్య కలిగియు దానికిఁ దగిన పేరు చిరకాలము లభింపలేదు. ఐనను సమపరీక్షలో నెగ్గుటవలన, నిరాకరించువారికి స్త్రీల యసమర్థతను హేతువుగాఁ జూపు నవకాశము నశించెను. వేఱు పరీక్షకు డేవీసు సమ్మతించియున్నచో నా హేతువు వారికి మిగిలియే యుండెడిది.

1979లోఁ బురుషవిద్యార్థులకును గర్టన్ ద్వారము తెఱవఁబడెను. వారికిని వేఱు పరీక్ష యక్కఱలేకపోయెను.