పార్సెలులో వచ్చిన పాట

మార్టూరులో మా పెదనాన్నగారి బీరువాయందు ఒక గ్రామఫోను ప్లేటు చిరకాలము ఉండెడిది. దాని అంచునుండి నడిమి చీటీవరకు వెండ్రుకవాసి పగులొకటి కలదు. పెట్టెకు కీ ఇచ్చి సూది ఆనించినచో పాట వినవచ్చెడిది. పాటతోపాటు, ప్లేటు ఒక చుట్టు తిరిగినప్పుడెల్ల టిక్కుమను చప్పుడొకటి వినవచ్చెడిది. నిమిషమునకు 78 చుట్లు, 78 టిక్కులు. “తప్పని తాళమురా ఇది” అని ఆయన నవ్వెడివారు. నవ్వినను, ఆ ప్లేటునకు పూర్తి వెల చెల్లించినది ఆయనయే. దూరపు పట్టణములోని ఒక దుకాణమునుండి అది పార్సెలై వచ్చినది. ఏ చేతిలో పగిలినదో ఎవరికిని తెలియదు. పగిలిన పాటకు బాధ్యులెవరు అను ఈ చిన్న ప్రశ్నకు మన దేశమున వంద యేండ్లకు మించిన చరిత్ర కలదు.

మార్టూరు రోడ్డుమీది ఊరు గాని రైలుమీది ఊరు కాదు. 1970 వరకు గుంటూరు జిల్లాలోను, పిమ్మట ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. మద్రాసు కలకత్తాలను కలుపు రాజమార్గము ఊరి నానుకొని పోవును. రైలుమార్గమో, ఆగ్నేయముగా చీరాల మీదుగా పోవును. కనుక మద్రాసున రైలెక్కిన పెట్టె దారిలో దిగి, మరల బండియో బస్సో ఎక్కవలసినదే. ఎత్తు చేతులు, దించు చేతులు ఎన్ని హెచ్చునో గండములును అన్ని హెచ్చును. ఈ నల్లరేగడి సీమలోని బండ్లకును లారీలకును అలవాటైన బరువు పత్తి బేళ్లు, మిరప టిక్కీలు. బేలును పైనుండి పడద్రోసినను పత్తికి నొప్పి లేదు. టిక్కీమీద టిక్కీ వేసినను మిరపకాయ చాలవరకు సహించును. కూలి బస్తాలెక్కన ముట్టునప్పుడు హమాలీ త్వరపడుట సహజము. అది అతని తప్పని నేననను. పడినను చెడని సరకులకై ఏర్పడిన దారిలోనికి, పడినచో చెడునట్టి వస్తువు వచ్చి చేరినది.

కంపెనీవారి కాలమున ఉత్తరములు ఒక తపాలాలోను, మూటలు వేరొక తపాలాలోను నడిచెడివి. మూటల తపాలాకు బంగీ అని పేరు. బంగీ యనగా కావడియే. భుజముమీది కావడి ఊగును గాని ఎగిరిపడదు; పెళుసు వస్తువులకు బహుశః అంతకంటె సుఖమైన వాహనము తరువాత రాలేదేమో! రైళ్లు వచ్చిన పిదప కావడి పోయి, పేరు మాత్రము మన పెద్దల నోట చాలకాలము నిలిచినది.

1877లో తపాలాశాఖవారు వి. పి. పద్ధతిని ప్రవేశపెట్టిరి. దుకాణదారుడు వస్తువును పోస్టులో వేయును. పోస్టాఫీసువారు దానిని అందజేసి, వెల రాబట్టి, అతనికి పంపుదురు. పట్టణపు అంగడి మెట్లెక్కని పల్లెవారికి ఆ అంగడి తలుపు తెరచినది ఈ పద్ధతియే. పంచాంగములు, పుస్తకములు, గడియారములు, ఔషధములు ఇట్లే వచ్చినవి. అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. వెల చెల్లించిన పిదపనే గాని కట్టు విప్పుటకు వీలులేదు. పుస్తకమునకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. మూలలు నలిగినను చదువుకొనవచ్చును. గ్రామఫోను ప్లేటు అట్టిది కాదు.

ఆ ప్లేటు దేనితో చేసినదో తలచుకొన్నచో ఈ మాట బోధపడును. అది లక్క. మన స్త్రీల లక్కగాజులు, పిల్లల లక్కపిడతలు ఏ పదార్థముతో నిగనిగలాడినవో ఆ పదార్థమే. ప్లేటులో అధికభాగము రాతిపొడి. దానిని అంటి పట్టి ఉంచుటకు లక్క, నలుపునకు మసి, పట్టుకొరకు కొంచెము పత్తి పీచు. 1902లో గైస్‌బర్గ్ అను నాతడు కలకత్తాకు వచ్చి మన గాయకుల పాటలను తొలిసారిగా ముద్రించుకొనిపోయెను. 1908లో కలకత్తాలో కర్మాగారము వెలయువరకు ప్లేట్లు జర్మనీలోని హానోవరులో తయారగుచుండెను. అనగా మన ఛోటా నాగపూరు అడవుల లక్క సముద్రము దాటిపోయి, మన పాటను ఒంటబట్టించుకొని, మరల సముద్రము దాటి వచ్చుచుండెను. ఇంత ప్రయాణము చేసిన వస్తువు తుదకు ఇంటి గుమ్మమున పగులుట చూచినచో ఎవరికి కష్టముగా నుండదు?

పది అంగుళముల ప్లేటు, ప్రక్కకు సుమారు మూడు నిమిషముల పాట. మన ప్రాంతమువారు దానికై ఎదురుచూచుటలో వింత లేదు. స్త్రీ పాత్రలతో ఆంధ్రదేశము నలరించిన స్థానం నరసింహారావుగారు 1902లో బాపట్లలో జన్మించినవారు. గుంటూరు జిల్లా కొమ్మూరువారైన జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము ఘంటసాలవారి కంఠమున ప్లేటెక్కినది. నాటకము వచ్చినప్పుడే చూడగలిగిన పాటను, మనసైనప్పుడు వినగలుగుట గొప్ప సౌకర్యమే కదా!

ఇక చట్టముల సంగతి. 1865 నాటి బాడుగ రవాణాదారుల చట్టము, అనుబంధమున పేర్కొన్న విలువగల వస్తువుల వెల నూరు రూపాయలు మించి, ఆ మాట ముందుగా చెప్పనిచో, రవాణాదారునికి బాధ్యత లేదనినది. 1890 నాటి రైల్వే చట్టమును ఆ త్రోవనే నడచినది; గాజు, పింగాణి, వాద్యములు ఆ జాబితాలోనివి. ప్లేటు వాద్యమా, కాదా అనునది న్యాయవాదులకు మంచి విందు. డజను ప్లేట్ల వెల నూరు రూపాయలకు చేరుట అరుదు గనుక వాదము అంతదూరము పోలేదు. రైల్వేలో రెండు రేట్లుండెడివి. ఒకటి రైల్వేవారి బాధ్యతమీదిది, రెండవది సరకు యజమాని బాధ్యతమీదిది. రెండవది చవుక. చవుక యని దానినే కోరి, పెట్టె తెరచి చూచి నిట్టూర్చినవారు అనేకులు. 1898 నాటి తపాలా చట్టము ఆరవ విభాగము మరింత సూటిగా పలికినది: ప్రభుత్వము తానై పూనుకొన్నంతమేర తప్ప, పోయినను, ఆలస్యమైనను, చెడినను తపాలాకు బాధ్యత లేదు.

ఇన్సూరు చేయవచ్చును గదా అందురు. ఇన్సూరు చేసిన పార్సెలుపై లక్కముద్రలు వేయవలెను. ఇచటనే విధి పరిహాసము! లోపలి వస్తువు లక్క, పైనున్న సాక్షియు లక్క. పైముద్ర చెక్కుచెదరకుండ నున్నచో లోపలి ప్లేటు దారిలోనే పగిలినదని నిరూపించుట ఎట్లు? కట్టినవాడు సరిగా కట్టలేదని మోసినవాడనును. మోసినవాడు ఎత్తివేసెనని కట్టినవాడనును. ఇద్దరికిని తగినంత ఆధారము కలదు. ఏ ఆధారమును లేనివాడు కొనినవాడొక్కడే.

1962 జనవరి 1వ తేదీనుండి రైల్వేల బాధ్యత మారినది. అంతవరకు అప్పగించిన సొత్తును తగు జాగ్రత్తతో చూచిన చాలును. నాటినుండి, చట్టము మినహాయించిన కారణములకు తప్ప, నష్టమునకు రైల్వేయే ఉత్తరవాది. ఇది చిన్న మార్పు కాదు. అయినను కట్టు లోపభూయిష్టమని పంపునాడే కాగితముమీద వ్రాయించుకొనినచో రైల్వేవారి కొంత రక్షణ నిలిచియుండెను. కనుక కథ మరల కట్టుదగ్గరకే వచ్చినది.

కట్టుట యందరెరిగిన విద్యయని తోచును గాని కాదు. పత్తిసీమవారు పత్తి దండిగా కూరినచో చాలుననుకొందురు. వదులు పత్తి కుదుపులకు అణగి క్రిందికి జారును. పైన ఖాళీ ఏర్పడును. ఆ ఖాళీలో ప్లేటు ప్లేటును కొట్టుకొనును. ప్లేటునకు ప్లేటునకు మధ్య అట్ట ఉండవలెను. ప్లేటుకంటె వెడల్పైన గట్టి అట్టలు రెండు ఇరువైపుల బిగించవలెను. పెట్టె మూల నేలను తాకినను అంచునకు దెబ్బ తగులరాదు. ఈ కట్టను ఒక పెట్టెలో కదలకుండ నుంచి, దానిని మరియొక పెద్ద పెట్టెలో నుంచి, నడుమ అన్ని ప్రక్కల రెండేసి అంగుళముల మెత్తదనము కూర్చవలెను. ఇంతయు చేసినను, మే నెల యెండలో లారీ పైకప్పు క్రింద నున్న లక్క పగులకపోయినను వంకరపోవచ్చును.

ప్లేటును మార్చినది చట్టము కాదు, కట్టును కాదు. తపాలాలో తిన్న దెబ్బలే కొంతవరకు మార్చినవి. అమెరికాలో ఒక రేడియో కేంద్రమునుండి మరియొక కేంద్రమునకు పోస్టులో పంపు కార్యక్రమపు ప్లేట్లు పగులుచుండుటచే, వానికి వినైలు అను క్రొత్త పదార్థమును 1930లలోనే వాడజొచ్చిరి. 1942లో యుద్ధమువలన లక్క కరవై, ఆ దేశమున సైనికేతరమైన వాడుకను 70 పాళ్లు తగ్గించిరి. 1943నుండి దూరపు శిబిరములలోని సైనికులకు వి-డిస్కులను పేర పంపిన పాటలు వినైలువంటి పగులని పలకలమీద వెడలినవి. 1948లో అదే పదార్థముతో లాంగ్ ప్లే ప్లేటు అంగడికి వచ్చినది. మన దేశమున మాత్రము 1960లలోను లక్కప్లేట్లు తయారగుచునే యుండెను. ఇంతలో 1938లో మద్రాసునుండియు, 1948 డిసెంబరు 1నుండి విజయవాడనుండియు ఆకాశవాణి పలుకుటచే, ఏ పార్సెలును లేకయే పాట ఇల్లు చేరినది. రేడియో లోపలి గాజు వాల్వులు ఎట్లు చేరినవో అది వేరు కథ.

నేడు పాత ప్లేట్లను ప్రోగుచేయువారు మరల అవే చిక్కులు పడుచున్నారు. 1865 చట్టము పోయి, 2007 నాటి రోడ్డు రవాణా చట్టము 2011లో అమలునకు వచ్చినది. 1898 తపాలా చట్టము స్థానమున 2023 చట్టము 2024 జూనులో వచ్చినది. నియమములలో చెప్పినంత తప్ప బాధ్యత లేదను మాట అందును కలదు. అప్పుడు పగిలిన ప్లేటువంటిది మరియొకటి తెప్పించుకొనవచ్చును, ఇప్పుడది దొరకదు.

మొన్న హైదరాబాదునుండి మా అక్కయ్య పెదనాన్నగారి ప్లేటును పంపుమని వ్రాసినది. రెండు పెట్టెలు తెచ్చితిని, అట్టలు కోసితిని, పత్తి మానివేసి కాగితము నలిపి కూర్చితిని. తీరా చీటీమీద చిరునామా వ్రాయబోయి, ఆగి, పెట్టెను ఒడిలో పెట్టుకొని నేనే బస్సెక్కితిని.