గడప దాటిన బంతి

2025 జులై 5, శనివారం సాయంత్రం. తెల్లవారితే తొలి ఏకాదశి. పేలాల పిండి పని మా ఇంట్లో ఎప్పుడూ నాదే. బాచుపల్లిలో అయిదో అంతస్తులో కాపురం వుండేవాళ్లకు రోలూ రోకలీ యోగం ఎక్కడిది కనుక! మిక్సీలో పేలాలు పోసుకుని, బెల్లం తరుగుతున్నాను. ఇంతలో హాల్లోంచి మా మనవరాలు ఒక్క కేక పెట్టింది. మీద బల్లి పడిందేమోనని చేతిలో చాకుతో సహా పరుగెత్తుకొచ్చాను.

"గోలు నానమ్మా! థాయిలాండ్ మీద గోలు కొట్టాం!"

"ఎవరే కొట్టింది?"

"సంగీత!"

సంగీతమంటే నాకు తెలుసు. గోలంటే మరీ బాగా తెలుసు, ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని. ఆ రెండూ ఒకచోట ఎలా చేరాయో మాత్రం బోధపడలేదు. తీరా చూస్తే సంగీత బాస్ఫోర్ అని బెంగాలీ అమ్మాయి. చియాంగ్ మాయ్ అనే థాయిలాండ్ వూళ్లో మన ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారట. ఆసియా కప్పుకు అర్హత పోటీలట. అదే చివరి ఆటట.

క్రికెట్ స్కోరు నిద్దట్లో అడిగినా చెప్పే ఇల్లు మాది. అలాంటి ఇంట్లో, పన్నెండు రోజులుగా మన పిల్లలు పరాయి దేశంలో ఆడుతున్నారన్న సంగతి ఎనిమిదో క్లాసు పిల్లకు తప్ప ఎవ్వరికీ తెలియదు. సిగ్గనిపించింది. ఆ సిగ్గులోంచి పుట్టినదే ఈ వ్యాసం.

ముందసలు ఈ అర్హత పోటీ అంటే ఏమిటో నాకు అర్థమైనట్టు చెబుతాను. విందులో పన్నెండు విస్తళ్లు వేశారనుకోండి. ఒకటి ఇంటివారిది, అంటే ఈసారి ఆతిథ్యమిచ్చే ఆస్ట్రేలియాది. మూడు కిందటిసారి ముందు వరసలో నిలిచిన చైనా, దక్షిణ కొరియా, జపానులవి. మిగిలినవి ఎనిమిది. వాటికోసం బయట నిలబడ్డవాళ్లు ముప్ఫైనాలుగు దేశాలవాళ్లు. వాళ్లను ఎనిమిది గుంపులు చేసి, ఒక్కో గుంపులో ఒక్కరినే లోపలికి రమ్మంటారు. రెండో స్థానానికి ఓదార్పు బహుమతి లేదు. బాగా ఆడారమ్మా అని వీపు తట్టి గడప అవతలే వుంచేస్తారు.

అర్హత పోటీలంటే ఆ గడప దగ్గర జరిగే ఆటలన్నమాట. ఫోటోలూ పూలదండలూ లోపల విందు తిన్నవాళ్లకే. గడప దగ్గరి సంగతి పేపర్లో చివరి పేజీలో, అదీ మూలన. కానీ గడప సంగతి ఆడవాళ్లకు తెలియనిదా చెప్పండి! లోపలికి వచ్చాక ఎంత తిన్నామన్నది తరవాతి మాట. అసలు దాటనిచ్చారా లేదా అన్నది మొదటి మాట.

ఈ అడ్డు మన దేశంలోనే వుందనుకుంటే పొరపాటే. ఫుట్‌బాలుకు పుట్టిల్లనిపించుకున్న ఇంగ్లండులో, 1920 డిసెంబరులో, క్రిస్మస్ మర్నాడు, డిక్ కెర్ అనే ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లల జట్టు ఆట చూడటానికి లివర్‌పూల్‌లో యాభైమూడు వేలమంది వచ్చారు. అంత జనం రావటం పెద్దలకు కంటగింపయిందో ఏమో, మరుసటి ఏడే, 1921లో, ఈ ఆట ఆడవాళ్లకు తగదని తీర్మానం చేసి, తమ క్లబ్బుల మైదానాల్లో వాళ్లను అడుగు పెట్టనివ్వద్దన్నారు. ఆ నిషేధం ఎత్తేసేసరికి యాభై ఏళ్లు పట్టింది. ఓడిపోయినందుకు కాదు సుమండీ, జనం చూస్తున్నందుకు ఆపేశారు!

మన హైదరాబాదు సంగతి చూద్దాం. ఫుట్‌బాల్ ఈ వూరికి కొత్తేమీ కాదు. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును దేశమంతా హడలిపోయేలా తయారుచేశాడు. భారత జట్టుకు శిక్షకుడై 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తీసుకువెళ్లాడు. ఆ జట్టులో మన సికింద్రాబాదు బలరాం కూడా వున్నాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చి, మరుసటి ఏడే కన్నుమూశాడు రహీం. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే. అంత ఘనమైన చరిత్రలో ఆడపిల్ల పేరు ఒక్కటైనా కనిపిస్తుందేమోనని వెతికాను. ఊహూఁ! వాళ్లింటి ఆడవాళ్లు జెర్సీలు ఉతికి ఆరేసి వుంటారు, అంతే.

అలాగని మన దేశపు ఆడపిల్లలు నిన్నగాక మొన్న మొదలెట్టలేదు. 1975లో భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. ఆసియా మహిళల పోటీలు హాంకాంగులో మొదలైందీ ఆ ఏడే. 1980 జనవరిలో ఆ పోటీలు మన కేరళలో, కాలికట్‌లో జరిగాయి. మనవాళ్లు రెండు జట్లు దింపారు. అందులో ఒకటి ఫైనలు దాకా వెళ్లి తైవాన్ చేతిలో 2-0తో ఓడింది. 1981లో మూడో స్థానం. 1983లో బాంకాక్‌లో మళ్లీ ఫైనలు. ఈసారి థాయిలాండ్ చేతిలో 3-0. ఆ ఏడే బెంగాలీ అమ్మాయి శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు ఇచ్చారు. ఫుట్‌బాల్‌లో ఆ అవార్డు అందుకున్న మొదటి స్త్రీ ఆమె. రెండో ఆవిడ, మణిపూర్ బెంబెం దేవి, అందుకునేసరికి 2017 వచ్చింది. ముప్ఫైనాలుగేళ్లు! ఆ మధ్యకాలమంతా ఏమైందో ఈ లెక్కే చెబుతుంది.

తొంభైల తొలినాళ్లలో ఆడవాళ్ల సమాఖ్యను మగవాళ్ల సమాఖ్యలో కలిపేశారు. ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలి పరిస్థితి తెలుసుగా? పేరు వుంటుంది, పెత్తనం వుండదు. చీరలు కొనేటప్పుడు అందరి వంతూ అయ్యాక మిగిలింది ఆమెది. ఆటలు తగ్గిపోయాయి. 2009లో, ఏడాదిన్నరకు పైగా ఒక్క ఆటయినా ఆడలేదని, ప్రపంచ ర్యాంకుల పట్టికలోంచే మన ఆడపిల్లల జట్టు పేరు తీసేశారు. ఓడితే కింద రాస్తారు, ఆడకపోతే అసలు రాయరు.

ఈలోగా ఆసియా కప్పుకు అర్హత పోటీల పద్ధతి వచ్చింది. 2003 తరవాత మనవాళ్లు ఆ గడప దగ్గరికి వెళ్లటం, వెనక్కి రావటం. 2022లో మాత్రం పోటీలు మన దేశంలోనే జరిగాయి గనుక, ఇంటివాళ్ల విస్తరి మనకు దక్కింది. జనవరి 20న నవీ ముంబయిలో ఇరాన్‌తో మొదటి ఆట, గోళ్లు లేకుండా సమానంగా ముగిసింది. 23న తైవాన్‌తో ఆడాలి. ఈలోపు కరోనా వచ్చి జట్టులో పడింది. కనీసం పదముగ్గురు నిలబడితేనే ఆట. ఆ పదముగ్గురు లేరు. పోటీలోంచి తప్పుకున్నట్టు లెక్కగట్టి, ఆడిన ఒక్క ఆటనూ కొట్టేశారు. సొంత ఇంట్లో విందు పెట్టుకుని, జ్వరం వచ్చి, లోపలి గదిలో పడుకుని చప్పుళ్లు వింటూ వుండటం ఎలా వుంటుందో మనకెవరూ చెప్పక్కర్లేదు.

అందుకే 2025 జూన్‌లో చియాంగ్ మాయ్ వెళ్లిన పిల్లలకు అది మామూలు ప్రయాణం కాదు. మొదటి ఆటలో మంగోలియా మీద పదమూడు గోళ్లు కొట్టారు. ఒడిశా అమ్మాయి ప్యారీ ఖాఖా ఒక్కతే అయిదు. తరవాత తూర్పు తైమూరు మీద నాలుగు, ఇరాక్ మీద అయిదు. మొత్తం ఇరవై రెండు గోళ్లు, తినిపించుకున్నది సున్నా. ఆహా అనుకుంటున్నారా? ఆగండి. అవతల థాయిలాండ్ కూడా అవే మూడు జట్ల మీద సరిగ్గా ఇరవై రెండు కొట్టి, ఒక్కటీ ఇవ్వకుండా కూర్చుంది! త్రాసులో రెండు పళ్లేలూ సమానం. ఇక మిగిలింది ఒకే ఒక్క ఆట. వాళ్ల దేశంలో, వాళ్ల జనం మధ్య. ప్రపంచ ర్యాంకుల్లో వాళ్లు నలభై ఆరు, మనం డెబ్భై. 1983లో బాంకాక్‌లో మనల్ని ఓడించింది కూడా వీళ్లేనని మరిచిపోకండి.

ఇప్పుడు మన పిల్ల సంగతి. ఈ జట్టులో తెలుగు గడ్డ అమ్మాయి వుందని మీకు తెలుసా? గుగులోత్ సౌమ్య, నిజామాబాద్ జిల్లా. పరుగు పందేల్లోంచి ఫుట్‌బాల్‌లోకి వచ్చింది. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టుతో 2024-25 మహిళా లీగు గెలిచింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికయింది. మంగోలియా మీద రెండు గోళ్లు ఆమెవి. ఇరాక్‌తో ఆడుతూ ముక్కుకు దెబ్బ తగిలించుకుంది. చివరి ఆటకు దిగలేకపోయింది. నిజామాబాద్ మాకు బస్సులో నాలుగు గంటల దూరం. అయినా ఆమె పేరు నాకు మనవరాలు చెబితేనే తెలిసింది.

ఇక ఆ సాయంత్రానికి వద్దాం. ఇరవై తొమ్మిదో నిమిషంలో సంగీత గోలు. రెండో సగం మొదలవుతూనే థాయిలాండ్ గోలు, లెక్క సమానం. నా పేలాల పిండి మిక్సీలో అలాగే వుంది. పిల్ల గోళ్లు కొరుకుతూ వుంటే, కొరక్కే అంటూ నేనూ కొరుకుతున్నాను. డెబ్భైనాలుగో నిమిషంలో మళ్లీ సంగీత. 2-1. ఆ తరవాతి పావుగంట మా ఇంట్లో గడియారం నడవలేదంటే నమ్మండి. గెలిచారు! అర్హత పోటీల ద్వారా ఆసియా కప్పుకు మన ఆడపిల్లలు చేరటం అదే మొదటిసారి.

2026 మార్చిలో ఆస్ట్రేలియాలో ఆసియా కప్పు. మన గుంపులో జపాన్, వియత్నాం, మళ్లీ ఆ తైవానే. కాలికట్‌లో ఓడించిందీ, నవీ ముంబయిలో ఆడలేకపోయిందీ ఆ జట్టుతోనే. రహీం తన జట్టును మెల్‌బోర్న్ తీసుకువెళ్లిన డెబ్భై ఏళ్లకు, అదే దేశానికి ఈ పిల్లల ప్రయాణం. అక్కడి జయాపజయాలు వేరే కథ. నా కథ గడప దాకానే.

ఎందుకంటే నాకూ ఒక గడప వుంది. చెప్పకుండా వుండలేను.

స్కూల్లో నేను టెన్నికాయిట్ ఆడేదాన్ని. అదేనండీ, రింగాట. ఎడం చేత్తో పట్టి ఎడం చేత్తోనే విసిరేదాన్ని, అవతలివాళ్లకు దిక్కు తెలిసేది కాదు. పదో తరగతిలో జోనల్ సెలక్షన్లకు రమ్మన్నారు. వేరే వూరు, ఒక రాత్రి అక్కడే వుండాలి. మా నాన్న వద్దనలేదు. అమ్మ కోప్పడలేదు. "ఎవరు తోడు వెళతారే?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. బస్సు వెళ్లిపోయింది. అంతే కథ. ఓడిపోయి వుంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. వెళ్లి వుంటే ఏమయ్యేదో అన్నది మాత్రం యాభై ఏళ్లయినా పోలేదు.

మా మనవరాలు ఆదివారాలు ఫుట్‌బాల్ నేర్చుకుంటానని ఆర్నెల్లుగా గొడవ చేస్తోంది. మా కోడలు చెడ్డది కాదు. పొద్దున్న వెళితే రాత్రి దాకా హైటెక్ సిటీలో ఉద్యోగం. మా బాచుపల్లిలో కాలేజీలకు కొదవ లేదు గాని, చాలావాటికి బంతి తన్నేంత జాగా లేదు. ఎనిమిదో క్లాసు నుంచే ఐఐటీ కోచింగు ఇక్కడి ఆచారం. "ఆదివారం పొద్దున్నే ఆరింటికి దాన్ని అంతదూరం ఎవరు తీసుకెళతారత్తయ్యా?" అంటుంది. నిజమే. మా అమ్మ అడిగిన ప్రశ్నే. మాటలు కూడా ఇంచుమించు అవే.

ఏకాదశినాడు పేలాల పిండి పళ్లెంలో పెట్టి అందిస్తూ చెప్పాను. "నేను తీసుకెళతానమ్మా. ఆటోలో వెళ్లి ఆటోలో వస్తాం. నేనూ ఆ గంట నడిచినట్టుంటుంది, డాక్టరుగారు చెప్పారుగా."

కోడలు కాసేపు నావంక చూసి, "మోకాళ్లు జాగ్రత్త," అంది. ఒప్పుకున్నట్టే లెక్క.

ఇప్పటికి చాలా ఆదివారాలయ్యాయి. మా పిల్ల ఇంతవరకూ ఒక్క గోలూ కొట్టలేదు. రెండుసార్లు సొంత గోల్‌కీపరు కాలు మీదే తన్నింది. నేను గట్టు మీద కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగుతూ చూస్తూ వుంటాను. ఇరవైమంది మగపిల్లల మధ్య ముగ్గురే ఆడపిల్లలు. మొన్న ఆదివారం నాలుగో పిల్ల వచ్చింది, వాళ్ల అమ్మమ్మతో. నేను కాస్త జరిగి, ఆవిడకు చోటిచ్చాను.