ఏ చెట్టు కల్లు?

మొన్నటి సంక్రాంతికి మా డాబా మీద అయిదు గ్లాసులు వరసగా పెట్టుకుని కూర్చున్నాం. ఒక్కో గ్లాసు కింద ఒక కాగితం ముక్క, దాని మీద ఒక అంకె. ఏ అంకెకి ఏముందో మా మేనల్లుడికి ఒక్కడికే తెలుసు. వాడు స్కాట్లాండులో ఉద్యోగం చేస్తున్నాడు. పండక్కి వస్తూ రెండు సీసాలు తెచ్చాడు. ఒకటి అందరూ ఎరిగిన స్కాచ్ బ్లెండు, రెండోది ఐలా దీవిలో తీసిన పొగవాసన సింగిల్ మాల్టు. మా బావ బజారుకెళ్లి విస్కీ ఒక క్వార్టరు, బ్రాందీ ఒక క్వార్టరు పట్టుకొచ్చాడు. అయిదోది కల్లు. మా పొలం గట్టు మీది తాడిచెట్టుది, ఆ సాయంత్రం దించింది. తెల్లగా నురగ కడుతున్న దాన్ని ఎవరైనా పోల్చేస్తారు కదా, ఎందుకు పెట్టావురా అంటే, "ఉండనీ మావయ్యా, అదీ ఒక రుచే కదా" అన్నాడు.

ముందు మా బావ కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆయన విస్కీ తప్ప ముట్టడు. బ్రాందీ ఒంటికి వేడి చేస్తుందని, వాసనకే తల తిరుగుతుందని పదిమందిలో చెప్పే మనిషి. ఒకటో గ్లాసు తాగి విస్కీ అన్నాడు, మూడోది తాగి బ్రాందీ అన్నాడు. రెండూ తారుమారయ్యాయి. తర్వాత నేను తాగాను. నేనూ తప్పాను.

ఎనభై దాటిన మా పెదమావయ్య చివర కూర్చున్నాడు. మొదటి రెండు గ్లాసులూ పెదవికి ఆనించి పక్కన పెట్టేశాడు. పొగ మాల్టు దగ్గర మొహం చిట్లించి, "రగులుతున్న కుంపట్లో నీళ్లు పోసినట్టుంది రా" అన్నాడు. కల్లు మాత్రం ఒక గుక్క తీసుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. మింగాక మాటకీ మాటకీ మధ్య ఆగుతూ చెప్పాడు. "ఇది పోతుతాడిది. పొద్దున్న పెట్టిన కుండ. ఆ కుండకి ముందెప్పుడో సున్నం రాసీసినారు, సరిగ్గా కడగలేదు."

మేనల్లుడు తన చేతిలోని గ్లాసు కింద పెట్టేశాడు. "తాతయ్యా, నిన్ను మా ఊరు తీసికెళ్తే జీతమిచ్చి పెట్టుకుంటారు" అన్నాడు. ఆ మాట నన్ను రాత్రంతా వదల్లేదు. ఎందుకంటే అది నిజం.

పెదమావయ్య నాలుకకి తెలిసిన లెక్క ఇది. తాడిలో పోతుచెట్టు వేరు, కాయ కాసే చెట్టు వేరు. పోతుచెట్టు పూగెలల వేళ్లని కలిపి కట్టి, చెక్కలతో మెల్లగా నొక్కి, కొసని రోజూ పలచగా చెక్కుతారు. ఆ కోత చీటీ కాగితమంత పలచగా ఉండాలి. మందంగా కోస్తే గెల త్వరగా అయిపోతుంది, అసలు కోయకపోతే రసం కారే దారి పూడుకుపోతుంది. కాయచెట్టు గెలని నొక్కే తీరు వేరు, దాని కల్లు దిగే కాలమూ వేరు. ఈతచెట్టుకి గెల జోలికే పోరు. మొవ్వు కింద మానునే చెక్కి, ఆ గాటు నుంచి రసం పడతారు. ఈతకి చలికాలం, తాడికి ముఖ్యంగా ఎండాకాలం. చలిలో రసం నెమ్మదిగా పులుస్తుంది గనక ఈతకల్లు తీపి ఎక్కువసేపు నిలుస్తుంది. ఏప్రిల్ ఎండలో తాటికల్లు పొద్దున్న ఒక రుచి, మధ్యాహ్నానికి ఇంకో రుచి. మా వైపు యాత, శ్రీశయన కులాల వాళ్లు తరతరాలుగా ఈ పనిలో ఉన్నారు. చెట్టెక్కే మనిషికీ, గట్టు మీద కూర్చుని తాగే మనిషికీ ఈ తేడాలన్నిటికీ మాటలున్నాయి. అవి ఏ పుస్తకంలోనూ కుదురుగా ఎక్కలేదు.

చెట్టు నుంచి కారేటప్పుడు ఆ రసంలో మత్తు లేదు. నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉన్న తీపి నీళ్లు, అంతే. గాలిలోంచీ, కుండ గోడల్లో మిగిలిన పాత మడ్డిలోంచీ వచ్చి పడే సూక్ష్మజీవులు దాన్ని కొన్ని గంటల్లో కల్లు చేస్తాయి, రోజు తిరిగేసరికి పుల్లటి కాడిలా మారుస్తాయి. కుండ లోపల సున్నం పూస్తే రసం క్షారమై ఆ జీవులు పనిచెయ్యలేవు. అప్పుడు దిగేది నీరా, దాన్ని కాస్తే తాటిబెల్లం. సున్నం ఎందుకు ఆపుతుందో తెలియకముందే, ఆపుతుందని గీత గీసేవాళ్లకి తెలుసు. ఆ కుండనే మళ్లీ కల్లుకి వాడితే అడుగున మిగిలిన సున్నం పులుపుని కాస్త చంపుతుంది. మావయ్య పట్టుకున్నది ఆ కాస్తనే.

పులవడం అంటే ఏమిటో ఫ్రాన్సులో తేలిన తీరు వింటే మన కల్లుపాకలో జరిగినట్టే ఉంటుంది. 1856లో లీల్ పట్నంలో బిగో అనే వ్యాపారికి బీట్‌రూట్ రసంతో ఆల్కహాలు తీసే బట్టీ ఉండేది. కొన్ని తొట్లు బాగా పులిసేవి, కొన్ని చెడి పుల్లబడిపోయేవి. ఆ ఊళ్లోనే ఆచార్యుడిగా ఉన్న లూయీ పాశ్చర్‌ని సాయం అడిగాడు. పాశ్చర్ ఆ రసాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. మంచి తొట్టిలో గుండ్రటి ఈస్టు కణాలు కనిపించాయి. చెడిన తొట్టిలో వేరే జీవులు, సన్నగా పొడుగ్గా ఉన్నాయి. మరుసటి ఏడు 1857లో పాలు పులవడం మీద వ్యాసం వెలువరించాడు. ఆ తర్వాత ఆల్కహాలు కూడా జీవుల పనేనని నిలబెట్టాడు. కల్లులో ఈస్టుతో పాటు ఒక బాక్టీరియా కూడా గట్టిగా పనిచేస్తుంది, దాని పేరు జైమోమోనాస్. జర్మన్ శాస్త్రవేత్త పాల్ లిండ్నర్ 1920లలో దాన్ని మెక్సికోలో కిత్తనార జాతి మొక్కల రసం పులిస్తే వచ్చే పుల్కే అనే పానీయంలో చూశాడు. మెక్సికో కిత్తనారకీ మా శ్రీకాకుళం తాడికీ పనిచేసేది ఒకే జీవి.

మరి మా బావ ఎందుకు తప్పాడు? తప్పు ఆయన నాలుకది కాదు. మన షాపుల్లో మామూలు ధరకి దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ము చాలామట్టుకు ఒకే తల్లి బిడ్డలు. చక్కెర మిల్లులో మిగిలే మొలాసిస్‌నో, ధాన్యాన్నో పులియబెట్టి, పొడవాటి స్తంభాల్లాంటి బట్టీల్లో నూటికి 96 పాళ్ల దాకా శుద్ధి చేస్తారు. ఆ స్పిరిట్‌కి వాసనా ఉండదు, రుచీ ఉండదు. దాన్ని నీళ్లతో 42.8 శాతానికి దించి, పంచదార మాడ్చిన రంగు, పేరుకి తగిన సువాసన, కొన్నిటికి కొంచెం మాల్టు కలుపుతారు. అలాంటి స్తంభం బట్టీకి 1830లో పేటెంటు తీసుకున్నవాడు ఈనియస్ కాఫీ, ఐర్లాండులో పన్నుల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. ఐర్లాండు బట్టీదారులు రుచి పోతుందని దాన్ని చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. స్కాట్లాండు వాళ్లు తీసుకుని, అందులో తీసిన తేలిక విస్కీని ఘాటు మాల్టుతో కలిపి బ్లెండు కనిపెట్టారు. ఇవాళ ప్రపంచంలో అమ్ముడయ్యే స్కాచ్‌లో ఎక్కువ భాగం ఆ బ్లెండే. మనమేమో కలపాల్సిన ఘాటు మాల్టుని దాదాపుగా వదిలేసి, స్తంభం ఒక్కటీ తెచ్చుకున్నాం. మా ఊళ్లలో ఏ మందు అమ్మే కొట్టునయినా బ్రాందీ షాపు అనే అంటారు. అన్నిటికీ ఒకే పేరు చాలిందంటే రుచి గురించి జనానికి నిజం ముందే తెలుసన్నమాట.

పొగ మాల్టు సంగతి వేరు. ఐలా దీవిలో మొలకెత్తించిన బార్లీని ఆరబెట్టడానికి పీట్ కాలుస్తారు. వేల ఏళ్లుగా బురదనేలలో మగ్గిన నాచు, గడ్డి అది. ఆ పొగలోని ఫినాల్ గింజకి పట్టి, రాగి బట్టీ దాటి, ఓక్ పీపాలో ఏళ్లు గడిపి కూడా చావదు. ఆస్పత్రి వాసన, అయోడిన్ వాసన అంటారే, అది దానిదే. పీపా చెక్క తన వంతుగా వెనిలా వాసన, కొబ్బరి లాంటి తీపి ఇస్తుంది. కనీసం మూడేళ్లు పీపాలో ఉంటే గాని దాన్ని స్కాచ్ అనకూడదు. అక్కడి చలికి ఏడాదికి పీపాలో రెండు శాతం ఆవిరవుతుంది. బెంగళూరు ఎండకి పదో వంతు దాకా పోతుంది, చెక్క రసం కూడా అంత వేగంగానే దిగుతుంది. ఆ తేడానే బలం చేసుకుని బెంగళూరు అమృత్ బట్టీవాళ్లు 2004లో తమ సింగిల్ మాల్టుని నేరుగా గ్లాస్గోలో విడుదల చేశారు. స్కాట్లాండు నేల మీద దక్షిణాది విస్కీ నిలబడడం నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

మేనల్లుడు చెప్పిన ఉద్యోగం ఊసు ఇక్కడే వస్తుంది. రుచిని ఒకరు ఒకలా, మరొకరు మరోలా చెబుతుంటే తయారీదారులకి పని నడిచేది కాదు. అందుకని ఎడిన్‌బరోలో పెంట్‌లాండ్స్ అనే స్కాచ్ విస్కీ పరిశోధన సంస్థ 1979లో ఒక రుచి చక్రం గీసింది. బండిచక్రంలా వృత్తం, దాన్ని ఆకులుగా కోసి ఒక్కో దానికి ఒక్కో వాసన కుటుంబం. పొగ, గింజ, పండు, చెక్క, నూనె, పులుపు, గంధకం అంటూ. పండు వాసన అంటే ఏ పండో తేలడానికి నమూనా సీసాలు పెట్టారు. ఉదాహరణకి అరటిపండు వాసనకి ఐసోఎమైల్ ఎసిటేట్. అది ఈస్టు తయారు చేసేదే. పరీక్షకి కూర్చున్నవాళ్లు తాగరు. విస్కీని నీళ్లతో సుమారు ఇరవై శాతానికి పలచన చేసి, మూతి సన్నగా ఉండే గ్లాసులో పోసి, మూతపెట్టి, మూత తీసి ముక్కుతో చూస్తారు. నేర్పితే ఎవరికైనా వస్తుందని, నేర్పడానికి ముందు మాటలు కుదరాలని అక్కడ గట్టిగా నమ్మారు.

మన దగ్గర మాటలు కుదిరే ఉన్నాయి. వాటిని నిలవనివ్వని చరిత్ర మాత్రం పెద్దది. 1879లో గోదావరి మన్యంలో రంప ఫితూరీ లేవడానికి ఒక కారణం చిగురుపన్ను, అంటే కల్లు మీద పన్ను. కొండవాళ్లు తమ చెట్టు కల్లు తాము గీసుకోవడానికి ఎవడికో కట్టాల్సిన డబ్బు అది. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. శ్రీకాకుళం అప్పుడు గంజాం జిల్లాలోది. చెట్టు లెక్క సర్కారు పద్దులోకి వెళ్లింది, సారా కాంట్రాక్టర్ల చేతికి చిక్కింది. ఆ రోజుల సారా దుకాణం ఎలా ఉండేదో చూడాలంటే విజయనగరంలో పుట్టిన కన్యాశుల్కమే చదవాలి. బైరాగీ, హవల్దారూ ఒకేచోట కూర్చున్న ఆ రంగంలో మాట్లాడని విషయం లేదు. చెట్టు ఊసు మాత్రం నాకెక్కడా తగల్లేదు. సారాకి చెట్టు లేదు.

సారా ఎన్ని ఇళ్లు కూల్చిందో నేను చూశాను. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారాని ఆపించింది. 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. సారా స్థానంలోకి వచ్చి కూర్చున్నది చవక క్వార్టరు. పిల్లలు తాడెక్కే పని వదిలి విశాఖకీ, చెన్నైకీ వెళ్లారు. వాళ్లని నేను తప్పుపట్టలేను, జారి పడి నడుములు విరిగిన తండ్రుల్ని చూసిన పిల్లలు వాళ్లు.

నన్నడిగితే నాకు అన్నిటికన్నా ఇష్టం జీలుగు కల్లు. అది సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో దొరుకుతుంది. ఒకప్పుడు ఒకటి శ్రీకాకుళం, రెండోది విజయనగరం జిల్లా, ఇప్పుడు రెండూ పార్వతీపురం మన్యంలోవి. చేపతోకలాంటి ఆకులు, గుర్రపు తోకలా వేలాడే పూగెలలు. జీలుగుచెట్టు పైనుంచి కిందికి గెలలు వేస్తూ వచ్చి, కింది గెల అయిపోయాక చచ్చిపోతుంది. తాడి మూడు తరాల్ని చూస్తుంది, జీలుగుకి ఒక్కటే పూతకాలం. సీతంపేట దగ్గర ఒక సవర పెద్దాయన ఆకు దొన్నెలో పోసిచ్చిన జీలుగు కల్లు మొదటిసారి తాగినప్పుడు నాకు ముందు తగిలింది వాసన. తడిసిన అడవి వాసన. తర్వాత తాటికల్లుకి లేని మెత్తటి తీపి, నాలుక చివర చిన్న చురుకు. "సూర్యుడు కొండెక్కితే ఇది ఉండదు బాబూ, ఇప్పుడే తాగు" అన్నాడాయన. నేను తిరిగి దిగేసరికి అదే కుండలోది పుల్లబడిపోయింది. ఐలా మాల్టు పన్నెండేళ్లు ఆగుతుంది. ఇది పన్నెండు గంటలు ఆగదు. ఏ సీసాలోనూ పట్టదు, ఏ షాపుకీ రాదు. నా ఇష్టానికి ఇదీ ఒక కారణమే.

పండగ మర్నాడు పొద్దున్నే పెదమావయ్యని, మేనల్లుడిని తీసుకుని పొలం గట్టుకెళ్లాం. చెట్టు మీద నుంచి దిగుతున్న మనిషికి మావయ్యకన్నా పదేళ్లు తక్కువుంటాయేమో. నడుముకి కత్తి, చేతిలో కుండ. మేనల్లుడు వినయంగా నిన్నటి కుండ సంగతి అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, "అవును బాబూ. కనుము రోజుకి మనవలొచ్చినారని ముందు తీపి రసం దించినాను, సున్నం రాసి. తరవాత అదే కుండ కట్టీసినాను. ఎవులు సెప్పినారు?" అన్నాడు.

మేనల్లుడు మావయ్య వైపు చూపించాడు. ఆ ఇద్దరు ముసలివాళ్లూ ఒకరినొకరు చూసుకుని తల ఊపుకున్నారు. తర్వాత ఆయన కుండ వంచి, తాటాకు దొన్నె నింపి ముందు మావయ్యకే అందించాడు.

"ఇది సెప్పు," అన్నాడు, "ఇది ఏ సెట్టుదో."