హోషంగాబాదు నేర్పిన పాఠము

నాగపురమున తరతరములుగా స్థిరపడిన తెలుగువారమగు మనకు ఇటార్సీ రైలుకూడలి సుపరిచితమే. ఆ కూడలి యున్న హోషంగాబాదు జిల్లాలో, అనగా నేటి నర్మదాపురములో, 1972లో 16 మాధ్యమిక పాఠశాలలయం దొక విద్యాప్రయోగము మొదలయ్యెను. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను స్వచ్ఛందసంస్థలు దానికి పూనుకొనెను.

6, 7, 8 తరగతుల పిల్లలు సామాన్యశాస్త్రమును వల్లెవేయుట మాని, నలుగురేసి జట్లుగా కూర్చుండి ప్రయోగములు చేసిరి. పొలములకు పోయి ఆకులను, పురుగులను సేకరించిరి. చూచినది వ్రాసికొని, చర్చించి, నిర్ణయమునకు వచ్చిరి. 'బాల్ వైజ్ఞానిక్' అను వారి హిందీ పుస్తకము జవాబులను ముందుగా చెప్పక ప్రశ్నలనే యడుగుచుండెను. పరీక్షలో పుస్తకము తెరచి చూచుకొనవచ్చును. అచట పరీక్ష జ్ఞాపకశక్తికి గాదు, ఆలోచనకు.

1978లో ఈ పద్ధతి జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికిని వ్యాపించెను. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దానిని పెంచి పోషించెను. 2002లో రాష్ట్రప్రభుత్వపు ఉత్తరువుతో ముప్పదియేండ్ల కృషి ఆగిపోయెను.

ఈ చరిత్ర మనకేల యందురా? మన పిల్లలలో పెక్కుమంది ఇంట తెలుగు, వీధిలో హిందీ మరాఠీలు మాటలాడి, బడిలో శాస్త్రమును ఇంగ్లీషున చదువుచున్నారు. అర్థముగాని మాటలను కంఠస్థము చేసినచో శాస్త్రమును అబ్బదు, ఇంటిభాషయు నిలువదు. పెరటిలోని ఆకును చేతికిచ్చి, దాని ఈనెలెట్లున్నవో తెలుగున చెప్పుమనుటకు ఏ ఉత్తరువును అక్కఱలేదు. దానిని ఆపగల ఉత్తరువును లేదు. ఆ పని మన యిండ్లలో మొదలు కావలెనని మా మనవి.